పెద్దాయన లేని బొమ్మ

అగ్గిపుల్ల గీసి, సగం కాలాక ఊదేసి, ఆ నల్లటి కొసను సిరాలో ముంచాడాయన. ఎదురుగా స్టూలు మీద భార్య కూర్చుని ఉంది. ఫొటో స్టూడియోలో కూడా ఆమె ఇంత బుద్ధిగా ఎప్పుడూ కూర్చోలేదు.

"కదలకు," అన్నాడు.

"కదిలితే మాత్రం ఏమైంది, ఎలాగూ అందులో నేను రాను కదా!"

నిజమే. వచ్చేది పెద్దాయన.

పెద్దాయనంటే ఈ మధ్యే కన్నుమూసిన నాయకుడు. ఈయన పత్రికల్లో గీసినన్నాళ్లూ ఆ ఒక్క మనిషినే గీశాడు. కింద ఒక్క మాట కూడా ఉండేది కాదు, ఉత్త మొహమే. ఒకరోజు ఆ దవడ ఆనకట్టయ్యేది, ఇంకోరోజు తాళంకప్ప. జనం పడీపడీ నవ్వేవారు. సంపాదకులకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఒకసారి పోలీసులొచ్చి తీసుకెళ్లి, వేళ్లు విరిచి పంపారు. ఆ వేళ్లకు కలం పట్టు చిక్కక అగ్గిపుల్ల పట్టాడు. ఆ వంకర గీతనే లోకమంతా మెచ్చుకుంది. గీత వంకరపోయిన రాత్రుల్లో ఆయన మూలుగు విన్నది ఆమె ఒక్కతే.

పెద్దాయన పోయాడని తెలిసినప్పుడు పీడ విరగడైందనుకుంది. విరగడ కాలేదు, ఇంట్లోకొచ్చి కూర్చుంది. కూతుర్ని గీస్తే ఆ దవడే. పక్కింటి పిల్లిని గీస్తే దానికీ ఆ దవడే.

"ఒక్కసారి నా మొహం గియ్యండి" అని పెళ్లయిన కొత్తలో అడిగింది. ఎప్పుడడిగినా రేపన్నాడు. ఇప్పుడు తీరిక దొరికింది, చెయ్యే మాట వినడం లేదు.

లేచి వచ్చి చూసింది. ఆమె కొప్పు, ఆమె చెవిదుద్దులు, ఆమె చీర, మధ్యలో పెద్దాయన.

"చీర బాగానే నప్పింది ఆయనకి," అంది.

ఆయన నవ్వలేదు. వంకర వేళ్లను ఇంకెవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"వాడు వీటిల్లో ఉండిపోయాడే. ఇంక పోడు."

ఆ గొంతులో అంత భయం ఆమె ఎప్పుడూ వినలేదు. పోలీసులొచ్చిన రోజు కూడా.

"పోనీలెండి, మొహానిదేముంది!" అని పక్కనే ఉన్న వంటింట్లోకి వెళ్లింది. ఏడుపొచ్చింది. ఆయన కంట పడకూడదని పొయ్యి వైపు తిరిగి నిలబడింది. వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. మళ్లీ ఆ మొహమే అయ్యుంటుందని తిరిగి చూడలేదు.

టీ తెచ్చేసరికి ఆయన కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు మీద మూత పెట్టింది. టీ చల్లారిపోయిందని లేపబోతే, ఆయన చెయ్యి అంతకన్నా చల్లగా ఉంది.

వచ్చినవాళ్లంతా వెళ్లాక ఇంట్లో తనూ కూతురూ మిగిలారు. ఆమె బెదురుతూనే బల్ల మీది కాగితం తిప్పి చూసింది. దవడ లేదు. అసలు మొహమే లేదు. పొయ్యి దగ్గర నిలబడిన ఆడమనిషి వీపు, జారిన కొప్పు, కాస్త వంగిన భుజాలు. కొప్పు కింద, మెడ మీద చిన్న నల్లటి చుక్క. సిరా చిందిందనుకుని వేలితో తుడవబోయింది.

"తుడవకమ్మా, అది నీ పుట్టుమచ్చ," అంది కూతురు.

"నాకక్కడ పుట్టుమచ్చ ఉందా?"

"ఎప్పట్నుంచో ఉంది."

ఆమె చెయ్యి మెడ వెనక్కి వెళ్లి అక్కడే ఉండిపోయింది. కాగితం పక్కన సగం కాలిన అగ్గిపుల్ల, కొసన ఎండిన సిరాతో, ఆయన పెట్టినచోటే ఉంది.