గట్టు ఇవతలి నేల

మసీదు ఆవరణలో రాతి దిమ్మె మీద దుర్ముష్ శవపేటిక ఉంది. పైన ఆకుపచ్చ గుడ్డ కప్పారు.

"పక్క సమాధివాడు కాస్త కాచుకోవాలి," గుసగుసగా అన్నాడు వెనక వరసలోని ముసలి కాజిమ్. "తెల్లారేసరికి గట్టు జరుగుద్ది."

ఎవరో నవ్వును దగ్గులో కలిపేశారు. ఇద్రిస్ నవ్వలేదు. జరిగిన గట్టు అతని పొలానిదే. ఏటా గోధుమ విత్తే ముందు దుర్ముష్ దుక్కి ఒక చాలు ఇవతలికి వచ్చేది. ఇద్రిస్ ఏనాడూ తగవు పెట్టుకోలేదు. దుక్కి అయ్యాక గట్టు దగ్గర నిలబడి, చూసి వచ్చేవాడు. భార్య పోయి ఇల్లు ఖాళీ అయ్యాక ఆ కోపమే అతనికి తోడైంది. పొద్దున అతనికంటే ముందే లేచి కూర్చునేది.

ఇమామ్ జనం వైపు తిరిగాడు. "ఇతని మీద మీకున్న హక్కులన్నీ వదులుకుంటున్నారా?"

"వదులుకున్నాం!" ఆవరణంతా ఒక్క గొంతుతో పలికింది.

ఆచారం ప్రకారం ఇమామ్ మళ్లీ అడిగాడు, ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ ఇద్రిస్ పెదవులు కాస్త విడివడి మూసుకున్నాయి. మాట రాలేదు. ఇంతమందిలో తన గొంతు లేదని ఎవరికి తెలుస్తుంది?

మట్టి పోయడం అయి జనం కదిలాక, దుర్ముష్ కొడుకు తాలిప్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు అనలేదు బాబాయ్."

"అందరితోపాటు అన్నాగా."

"నీ పెదాలే చూస్తా ఉన్నా. పొలం కావాలంటే రేపే కొలిపిస్తా, గట్టు వెనక్కి జరుపుకో. నాన్నని మాత్రం ఈ రుణంతో పడుకోబెట్టకు."

సంతోషం కలగాల్సిన చోట ఇద్రిస్‌కు భయం వేసింది. గట్టు సరయిపోతే ఇక దేన్ని చూడటానికి వెళ్లాలి?

"ఆ నేల నాకొద్దురా."

"మరేం కావాలి?"

ఆ ప్రశ్న అతను తనకు తాను ఎప్పుడూ వేసుకోలేదు.

"మంచాన పడకముందు నాన్న మీ వాకిలి దాకా తీసుకెళ్లమన్నాడు బాబాయ్," అన్నాడు తాలిప్. "అక్కడిదాకా వచ్చి, దిగలేక ట్రాక్టర్ తిప్పించేశాడు."

ఆ ట్రాక్టర్ చప్పుడు ఇద్రిస్ విన్నాడు. తెర తప్పించి చూశాడు కూడా. తలుపు మాత్రం తీయలేదు.

వెనక్కి నడిచి తడిమట్టి దిబ్బ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదిలేశాన్రా దుర్ముష్," అన్నాడు, ఇంకా దారిలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా. తర్వాత గొంతు తగ్గింది. "నువ్వూ నన్ను వదిలెయ్."

తాలిప్ వచ్చి చెయ్యి పట్టుకుని లేపేదాకా అక్కడే కూర్చున్నాడు.