వదిన పాట ఆపితే

లేజర్ మిషను నడిపే అతనికి ఆ సాయంత్రం అరచేతులు ఆరలేదు.

పని చెప్పుకోవడానికి సులువే. స్టేజీ మీద వదిన పాడుతుంది. ఆ గొంతొక్కటే తీగ వెంట మిషనులోకి వస్తుంది. మిషను దాన్ని పచ్చటి వలయంగా గీసి హాలు వెనక గోడ మీదికి కొడుతుంది. గొంతు లేస్తే వలయం పెరుగుతుంది, తగ్గితే తరుగుతుంది. పాట ఆగిందా, వలయమంతా ముడుచుకుని ఒక్క చుక్కైపోతుంది. చూడ్డానికి చుక్కే. కదలకుండా కంట్లో పడితే కన్ను మిగలదు.

అలా ముడుచుకోగానే వెలుగును కోసేసే పరికరం లోపలే ఉంటుంది. మధ్యాహ్నం తన బల్ల మీది మైకుతో మిషనును పరీక్షిస్తుంటే అదే చచ్చింది. కొత్తది రేపుగానీ రాదు. ఎదురుగా ఉత్త గోడే కదా అనుకున్నాడు. తీరా జనం విరగబడి వచ్చారని మేనేజరు బాల్కనీ తెరిపించాడు. వలయానికి నట్టనడుమ బాల్కనీ. ముందు వరసలో అతని భార్య.

వద్దని మొత్తుకుంటే, “మరి వాళ్ళను నా నెత్తిన కూర్చోబెట్టుకోనా? మిషను ఆగిందా, నీ ఉద్యోగమూ ఆగుతుంది,” అన్నాడు మేనేజరు.

అతను వదిన దగ్గరికి పరుగెత్తాడు. భార్యకు అక్క ఆవిడ.

“వదినా, ఇవాళ పాట మధ్యలో ఆగకు. నీకు దణ్ణం పెడతా.”

“ఊపిరెప్పుడు తీసుకోను మరిదీ? నా బదులు నువ్వు తీస్తావా?”

“చప్పుడు చేస్తూ తీసుకో. నోరు మాత్రం మూయకు.”

“మా చెల్లెలితో ఎప్పుడైనా అన్నావా ఆ మాట?” అని నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. “సరేలే, ఆగను. మాటిచ్చా.”

పాటలో పడితే ఆవిడకు ఇంటిదారే గుర్తుండదు. ఇక మాటెక్కడ?

రెండు పాటలు గండం గడిచాయి. మూడోది కొసకొచ్చింది. గొంతు పైకి, ఇంకా పైకి పోయింది. వదిన కళ్ళు మూసుకుంది.

ఆగింది.

చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది హాలు. వలయం ముడుచుకుంటూ బాల్కనీ మీదికి దిగిపోతోంది. ఆర్పే మీట స్టేజీ అవతల, మిషను వెనక. పోయేలోపు అయ్యేది అయిపోతుంది. అతని చెయ్యి బల్ల మీది మైకును లాక్కుంది. దాని తీగ ఇంకా పీకలేదు. ఏదో ఒకటి అందామంటే నోట్లో తడి లేదు. వచ్చింది ఊపిరొక్కటే.

వలయం తెరుచుకుంది. ముడుచుకుంది. మళ్ళీ తెరుచుకుంది, వణుకుతూ. జనం కిక్కురుమనకుండా చూస్తున్నారు. వదిన ఎప్పటికి అందుకుందో, అందుకుంది. చప్పట్లతో హాలు దద్దరిల్లుతుండగా అతను పడుతూ లేస్తూ పోయి మీట నొక్కేశాడు.

మిగతా పాటలకు ఉత్త దీపాలే.

కచేరీ ముగిశాక మేనేజరు వీపు తట్టాడు. “ఆ వలయం ఊపిరి పీల్చినట్టు ఆడింది చూశావూ, అబ్బ! రేపూ పెట్టు.”

“పరికరం వచ్చేదాకా మిషను ముట్టను. నన్ను తీసేసినా సరే.”

వదిన తల దించుకుంది.

భార్య మెట్లు దిగి వస్తుంటే ఎదురెళ్ళి మూడు వేళ్ళు చూపించాడు. “ఎన్ని?”

“మూడు. నా కళ్ళకేమైంది? నీ ముఖమే పీక్కుపోయింది,” అంది ఆమె.

“ఇప్పుడు?” అన్నాడతను, రెండు వేళ్ళు పెట్టి.