తెల్ల కడియం

నేను ఒక ఫిరంగిని. జర్మనీలో ఒక కార్ఖానాలో నన్ను పోతపోసి, చెక్కి, తళతళలాడించి, విమానాలను కూల్చమని యుద్ధనౌక ఎక్కించారు. ఓడ ఎంత ఊగినా నా గురి చెదరకుండా కింద గొప్ప యంత్రం అమర్చారు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, గుండ్లు మాత్రం ఒక్కొక్కటే చేత్తో పెట్టాలన్నారు. విమానాలేమో ఈగల్లా ముసురుకునేవి.

గుండ్లు పెట్టేవాడు ఓన్నో. జాలరుల కుటుంబం. చేతులు పెద్దవి, మాటలు తక్కువ. చలికి నా ఇనుము అతని వేళ్ళకు అంటుకుపోయేది. నోటి ఆవిరి ఊది విడిపించుకునేవాడే గాని నన్ను తిట్టేవాడు కాదు. అందుకే అతనంటే నాకు ప్రేమ.

మా ఓడ నార్వేలో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో లంగరు వేసి ఉంది. ఒక పొద్దున పొగమంచులోంచి విమానం మోత వినిపించింది. మనవాళ్ళదైతే గుర్తుగా రంగు వెలుగు వదలాలి. అది రివాజు. వెలుగేదీ కనబడలేదు. గురిచూసే డెట్లెఫ్ "కొట్టు" అన్నాడు. ఓన్నో గుండు పెట్టాడు. రెండోదానికే విమానం నీళ్ళలో పడింది. ఆకుపచ్చ వెలుగు మంచును చీల్చుకుని అప్పుడు కనబడింది. చేతులు కాలాక ఆకులు.

కూల్చిన ప్రతి విమానానికీ ఫిరంగి గొట్టం చుట్టూ తెల్లపట్టీ వెయ్యడం మా నౌకలో ఆనవాయితీ. కవులకు గండపెండేరం తొడిగినట్టన్నమాట. పడవ వెళ్ళి పైలట్‌ను తెచ్చేలోగానే ఎవరో ఉత్సాహవంతుడు నాకు ఆ కడియం వేసేశాడు. తీరా చూస్తే ఆ పైలట్ మావాడే. ఓన్నో ఒళ్ళో తలపెట్టి, "వెలుగు వదుల్తూనే ఉన్నా గదన్నా, కాస్త ఆగలేకపోయారా?" అన్నాడు. అంతే, పోయాడు.

ఓన్నో కత్తి తీసి నా కడియాన్ని గీకడం మొదలుపెట్టాడు. లెఫ్టినెంట్ రైమర్స్ చూశాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఇది మనవాడి చావండీ. దీన్ని గొప్పగా ఎలా చూపించుకుంటాం?"

"కూల్చామని పైకి కబురెళ్ళిపోయింది. ఇప్పుడు చెరిపితే ఎందుకు చెరిపారంటారు. ఏం చెప్పమంటావు? కుంచె తీసుకో."

గీకిన చేత్తోనే ఓన్నో మళ్ళీ వేశాడు. నాకు ఒళ్ళంతా మండింది. విమానాలను కూల్చగలదాన్ని, చారెడు రంగును దులుపుకోలేకపోయాను.

మావాళ్ళు యుద్ధం ఓడిపోయారు. ఓడ తుక్కయింది. నార్వేవాళ్ళు నన్ను ఒడ్డునే ఒక మ్యూజియం ముందు నిలబెట్టారు. ఏటా వేసవికి ముందు తుప్పు గీకి రంగేస్తారు, కడియంతో సహా. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

ఒక మధ్యాహ్నం ఓన్నో వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. చేతులను బట్టి గుర్తుపట్టాను. మ్యూజియం చూసుకునే ఇంగెబోర్గ్‌ను పిలిచి, "ఆ పట్టీ తీసెయ్యమ్మా. అది మా విమానమే. మేమే కూల్చుకున్నాం" అన్నాడు.



"మా నాన్న మీ విమానాల బాంబులకే పోయాడు, పెద్దాయనా. అందులో ఒకటి తగ్గిందంటే నేనెందుకు చెరపాలి?"

ఆవిడ కటువుగా అనలేదు. లోపలికి వెళ్ళి అతనికి కుర్చీ తెచ్చి వేసింది.

ఇద్దరి మాటా న్యాయమే. మధ్యలో నేనేం చెప్పను? నాకున్న నోరు గుండ్లు ఉమ్మడానికే.

ఓన్నో కూర్చోలేదు. రెండు అరచేతులూ ఆ కడియం చుట్టూ వేసి నిలబడ్డాడు. వాటికింద అది కనబడలేదు. ఫోటోలు తీసుకునేవాళ్ళు తీసుకుంటూనే ఉన్నారు. ఆఖరి బస్సు వేళైందని ఇంగెబోర్గ్ వచ్చి చెప్పేదాకా అలాగే ఉన్నాడు. ఆ తర్వాత చేతులు తియ్యక తప్పలేదు.