గడియారం కోసం వెతుకుతోంది

గిన్నెలు తోముతుంటే నా మణికట్టు మీద గడియారం కీచుమంది. చేతుల నిండా సబ్బు నురగ. మోచేత్తో తలుపు నెట్టి ముందుగదిలోకి చూస్తే, మా అత్తయ్య సోఫాలో కూర్చుని, మా ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండానే "ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మాయ్" అంది. ఫ్యాను తగ్గించే మీట సోఫా పక్కనే ఉంది. చెయ్యి చాచితే అందుతుంది.

ఈ కీచుమనడం సంగతి చెప్పాలి. గడియారం మా ఆయన పాతది. ఆయన కొత్తది కొనుక్కుని పాతది నా చేతికి పెట్టారు. నాకు నిజంగానే సంతోషమైంది. ఎంత దూరం పరిగెత్తానో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపిస్తుంది. లోపల సొంత సిమ్ ఉంది కాబట్టి పక్కన ఫోను లేకపోయినా పనిచేస్తుంది. కాకపోతే దాన్ని ఆయన తన ఫోను నుంచి విడదీయలేదు. "మళ్ళీ అదంతా ఎవరు పెట్టుకుంటారు, ఉండనీ" అన్నారు. ఆ ఫోనులో, గడియారం ఎక్కడైనా పడిపోతే వెతుక్కోవడానికి ఒక బటన్ ఉంది. నొక్కితే గడియారం కీచుమంటుంది. మొదటిసారి అది నిజంగానే దుప్పట్లలో కలిసిపోతే నొక్కారు. రెండోసారి నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, కిందికి రమ్మని నొక్కారు. ఎంత హాయిగా ఉందో తల్లికీ కొడుక్కీ అప్పుడే అర్థమైంది. ఇక ఆ తర్వాత మా ఇంట్లో నన్ను ఎవరూ నోటితో పిలవలేదు. తువ్వాలు కావాలన్నా కీచు, తలుపు ఎవరో కొడుతున్నారన్నా కీచు. నేను వెళ్ళి నిలబడితే అప్పుడు చెబుతారు, ఏం కావాలో.

దుకాణంలో ఉన్నా వదలదు. నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. ఫ్రేముకి తగ్గట్టు అద్దాన్ని అరగదీసి బిగించడం నా పని. వెనకగదిలో ముగ్గురం బిగిస్తాం, టీ మాత్రం నేనే పెడతాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఫోన్లు డ్రాయరులో పెట్టేయాలని నియమం. గడియారానికి నియమం లేదు. అది మోగినప్పుడల్లా మా ఓనరు అద్దాల మీంచి చూసి, "అదుగో, ఇంటి గంట కొట్టారు. వెళ్ళి ఏంటో కనుక్కోమ్మా, లేకపోతే మన దుకాణం మూయించేలా ఉన్నారు" అంటాడు. మిగతా ఇద్దరూ నవ్వుతారు. నేనూ నవ్వేసి, బయటికెళ్ళి మా ఆయనకి ఫోన్ చేస్తాను. "ఏం లేదు, ఏసీ రిమోట్ ఎక్కడ పెట్టావో అమ్మ అడగమంది" అంటారు.

సాయంత్రం మాత్రం నాది. దుకాణం నుంచి ఇంటికి బస్సెక్కను, సంచి వీపుకి బిగించుకుని పరిగెత్తుకుంటూ వస్తాను. చిన్నప్పుడు మా పల్లెటూరి బడిలో పరుగుపందెం అంటే నన్ను ముందు గీత మీద నిలబెట్టేవాళ్ళు. పెళ్ళయ్యాక ఆ కాళ్ళు ఏమయ్యాయో నాకే తెలీలేదు. ఈ గడియారం వచ్చాక మళ్ళీ బయటపడ్డాయి. మా వీధి మలుపులో ఆదివారం పరుగు గురించి బోర్డు కట్టినప్పుడు, పది కిలోమీటర్లు అన్న అక్షరాల ముందు నిలబడిపోయాను. మర్నాడే పేరు ఇచ్చేశాను. ఇచ్చాక ఇంట్లో చెప్పాను.

"వెళ్ళు, నేనేమైనా కాదన్నానా" అన్నారు మా ఆయన. "కాకపోతే గడియారం మోగితే పలకాలి. అంతమందిలో నువ్వెక్కడున్నావో తెలియకపోతే అమ్మ కంగారుపడుతుంది."

"నాకెందుకురా కంగారు" అంది అత్తయ్య. "ఆ పూట టిఫిన్ ఎవరు చేస్తారని నీకు కంగారు."

సరిగ్గా ఆ వారమే గడియారానికి కొత్త అప్‌డేట్ వచ్చింది. అంతకుముందు పొద్దున ఛార్జింగ్ పెడితే మర్నాటి దాకా ఉండేది. అప్‌డేట్ అయ్యాక మధ్యాహ్నం భోజనాల వేళకే నల్లబడి పడుకుంటోంది. ముట్టుకుంటే వేడి. మా ఆయనకి చూపించాను. ఆయన తన మణికట్టు చూపించారు. "నాకూ అదే అప్‌డేట్ వచ్చింది. నాది నిక్షేపంగా ఉంది. నీ వాడకంలోనే ఏదో ఉంది." నా గడియారం వైపు చూసి, "చచ్చిన గడియారం పెట్టుకుని ఆదివారం ఎలా వెళ్తావు? వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారంటే, ఆ మాట నాకు గుచ్చుకోవడానికి కూడా కొంచెం టైము పట్టింది.

వచ్చే ఏడాదా? అప్పటికి ఎవరికి ఒంట్లో బాగుండదో, ఎవరింట్లో ఏ పని పడుతుందో. నా వచ్చే ఏడాదులన్నీ ఎక్కడికి వెళ్ళాయో నాకు తెలుసు. అందుకే ఆ రోజే కూర్చున్నాను, దీని అంతు చూద్దామని. చూపు సరిగా లేదని మా దుకాణానికి వచ్చినవాళ్ళకి డాక్టరు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి, "ఇప్పుడు ఎలా ఉంది" అని అడుగుతాడు. ఒకేసారి రెండు అద్దాలు మార్చడు. మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదట గడియారాన్ని ఆపి మళ్ళీ వేశాను. తేడా లేదు. తెర వెలుతురు తగ్గించాను. కొంచెం నయం. తర్వాత బట్టలు పిండుతూ గమనించాను, నేను చెయ్యి తిప్పినప్పుడల్లా తెర వెలుగుతోంది. పిండితే వెలుగు, తుడిస్తే వెలుగు, కలియబెడితే వెలుగు. చెయ్యి ఎత్తితే టైము చూసుకుంటున్నాం అనుకుంటుందట పాపం. మా ఆయన చెయ్యి కుర్చీ మీద పడుకుని ఉంటుంది, ఆయన గడియారమూ పడుకుంటుంది. నాకు నవ్వొచ్చింది. అదీ ఆపేశాను. ఇంకొంచెం నయం. కానీ నేను ఇల్లు చేరేదాకా రాలేదు. ఒకరోజు నా పరుగు మధ్యలో తెర ఆరిపోయింది. అయినా ఎక్కడో నాకు హుషారుగా ఉంది. బడిలో లెక్క సగం తేలినప్పుడు ఉండేదే, అలాంటి హుషారు. నిద్ర లేవగానే గడియారమే గుర్తొచ్చేది.

గురువారం మా ఆయన ఫోను కిందపడి తెర పగిలింది. స్విచాఫ్ చేసి బాగుచేయించడానికి ఇచ్చి, ఆఫీసుకి ఉత్త చేతుల్తో వెళ్ళారు. ఆ రోజు దుకాణంలో అద్దం అరగదీస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది. చాలాసేపటికి తెలిసింది, చెయ్యి మోగలేదని. భోజనాలప్పుడు భయంభయంగా చూశాను. ఛార్జింగ్ దాదాపు నిండుగా ఉంది. టీ పెట్టేటప్పుడు చూశాను. పెద్దగా తగ్గలేదు. నాతో పాటు అద్దాలు బిగించే పెద్దాయన, "ఏంటమ్మా, ఊరికే చెయ్యి చూసుకుంటున్నావు, లాటరీ తగిలిందా" అన్నాడు. సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి కూడా సగానికి పైగా ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. మారిన అద్దం ఒక్కటే. ఆయన ఫోను. గడియారాన్ని తాగేస్తున్నది నా చెయ్యి కాదు.

మర్నాడు పొద్దున ఫోను ఇంటికొచ్చింది. మధ్యాహ్నానికి గడియారం మళ్ళీ వేడెక్కింది. భోజనం మానేసి దుకాణం మెట్ల మీద కూర్చుని, గడియారం కంపెనీ సహాయం నంబరుకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఏవో చూసి, "మేడమ్, మీ గడియారం పోయిందా?" అంది.

"లేదండీ. చేతికే ఉంది."

"మరి దాని కోసం ఎవరో వెతుకుతున్నారండీ. నాకు కనిపిస్తోంది. పొద్దున్నుంచి వెతుకుతూనే ఉన్నారు."

ఆ అమ్మాయే చెప్పింది. ఇదివరకు వెతికే బటన్ నొక్కితే గడియారం ఒకసారి మోగి ఊరుకునేదట. పోయిన గడియారాలు తొందరగా దొరకాలని కొత్త అప్‌డేట్‌లో మార్చారట. ఒకసారి నొక్కితే, ఫోనులో "దొరికింది" అని నొక్కేదాకా గడియారం తను ఎక్కడుందో ఆ ఫోనుకి చెబుతూనే ఉంటుంది, లోపల్లోపలే. "అందుకే ఛార్జింగ్ అయిపోతోంది మేడమ్. దొరికాక దొరికిందని నొక్కమనండి, చాలు. మీకు ఆ ఫోను వద్దనుకుంటే గడియారాన్ని మీ ఫోనుకే కలుపుకోవచ్చు, అప్పుడు మీరు తప్ప ఎవరూ మోగించలేరు."

ఆ మెట్ల మీదే లేచి ఒకసారి గెంతాను. మా ఓనరు గాజు తలుపులోంచి చూసి, మళ్ళీ చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళగానే మా ఆయన ఫోను అడిగి తీసుకున్నాను. అత్తయ్య కూడా వాడుతుందని అందులో అన్నీ తెలుగులోనే పెట్టుకున్నారు. తెరిచి చూస్తే పెద్ద అక్షరాలు. "గడియారం కోసం వెతుకుతోంది." కింద రెండు బటన్లు, మోగించు, దొరికింది. మోగించు మీద ఒక్కరోజుకే వేలిముద్రలు పడి మసకబారింది. రెండోదాని మీద అద్దం కొత్తగా మెరుస్తోంది.

"ఇది నొక్కరేం మీరు?" అని అడిగాను.

ఆయన వంగి చూశారు. "మోగితే నువ్వొచ్చేస్తావు కదా. ఇంక అది నొక్కడం ఎందుకు?"

తప్పుగా అనలేదు, వెక్కిరించలేదు. ఆయనకి నిజంగానే అంతే తోచింది. నేను ఎదురుగా వచ్చి నిలబడ్డాక కూడా లోపల ఆ ఫోను నా కోసం వెతుకుతూనే ఉందన్నమాట, వంటింట్లో, మేడ మీద, దుకాణంలో. ఛార్జింగ్ సంగతి వివరించి చెప్పాను. దొరికాక దొరికిందని నొక్కమన్నాను. సరే సరే అన్నారు ఇద్దరూ. ఆ సాయంత్రమంతా నొక్కారు కూడా. పొద్దున్నే అత్తయ్య వేడినీళ్ళకి మోగించింది, నేనిచ్చాను, ఆమె తాగింది, ఫోను పక్కన పెట్టేసింది. గుర్తుచేస్తే, "నాకవన్నీ గుర్తుండవమ్మాయ్. నువ్వొచ్చాక ఫోనెందుకు చూస్తాను" అంది. అదీ నిజమే. తెల్లారితే ఆదివారం. గడియారం అప్పటికే గోరువెచ్చగా ఉంది.

శనివారం సాయంత్రం, ఇద్దరూ ముందుగదిలో ఉండగానే, వాళ్ళెదురుగా కూర్చుని ఆయన ఫోను తీసుకున్నాను. దాచి చేసే పనిలా ఉండకూడదనుకున్నాను. గడియారాన్ని తొలగించు అన్నచోట నొక్కితే అది అడిగింది, "ఈ గడియారం ఇకమీదట మీకు దొరకదు. సరేనా?" చెవుల దాకా కొట్టుకుంది గుండె. సరే నొక్కి, నా ఫోనుకి కలుపుకున్నాను. తెర మీద చిన్న వృత్తం తిరిగి తిరిగి, నా పేరు అడిగింది. రాశాను.

"ఏం చేస్తున్నావు?" అన్నారు ఆయన.

"బ్యాటరీ బాగుచేశానండీ."

"మరి రేపు నేను మోగిస్తే?"

"మోగదండీ. పిలవాలంటే ఫోన్ చేయండి. పరుగు అయ్యాక ఎత్తుతాను."

ఆయన తల్లి వైపు చూశారు, నేను చెప్పింది తప్పని ఆమె అంటుందేమోనని. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని నన్ను చూసింది. "పది కిలోమీటర్లంటే బజారు దాటి వెళ్తావా?" అంది.

"నాలుగు బజార్లు దాటి వెళ్తానత్తయ్యా."

"అబ్బో" అని, సోఫాలోంచి చెయ్యి చాచి, ఫ్యాను తనే తగ్గించుకుంది.

ఆదివారం పొద్దున మబ్బుగా, చల్లగా ఉంది. గీత దగ్గర ఎంతమందో. ముసలివాళ్ళు, కాలేజీ పిల్లలు, నాలాగే ఒంటరిగా వచ్చి ఎవరివైపూ చూడకుండా బూట్ల తాళ్ళు మళ్ళీ మళ్ళీ కట్టుకుంటున్న ఆడవాళ్ళు. ఈల వినిపించగానే అందరి అడుగులూ ఒక్కసారి రోడ్డు మీద పడ్డాయి. ఆ చప్పుడు కాళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కింది. మొదట అలవాటు కొద్దీ చెయ్యి చూసుకున్నాను. ఏమీ మోగలేదు. దూరం, గుండె, అంతే. సగం దూరం దాటాక పక్కటెముకల్లో పొడిచింది, ఆగిపోదామనుకున్నాను, పక్కన పరిగెత్తుతున్న ఒకామె ఊపిరి పీలుస్తూనే "ఇంకొంచెమే, రా" అంది. ఎవరో తెలీదు. నోటితో పిలిచింది. వెళ్ళాను.

చివరి గీత దాటాక పేవ్‌మెంటు మీద కూలబడ్డాను. చెమట కళ్ళలోకి కారుతోంది, మొహం నవ్వుతూనే ఉంది, ఆపడం చేతకాలేదు. చెయ్యెత్తి చూస్తే ఛార్జింగ్ దాదాపు నిండుగానే ఉంది. సంచిలోంచి ఫోను తీశాను. ఆయన దగ్గర్నుంచి ఒకటే సందేశం. "చక్కెర డబ్బా ఎక్కడుంది?"

వంటింటి గూడు కళ్ళముందు కనిపించింది. రెండో అర, ఎడమవైపు, టీపొడి వెనక. రాయడం మొదలుపెట్టాను. వేలు తెర మీద ఆగింది. ఊపిరి ఇంకా ఎగిరెగిరి పడుతోంది. రాసింది చెరిపేసి, ఒక్క ముక్క రాసి పంపాను.

"వెతకండి."