కుర్చీలు మోసే రోజు

ఈ బడిలో ఎవరి కుర్చీ వాళ్ళదే. ఏడాది చివరి రోజు సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు తమ కుర్చీలు తామే మోసుకుని పై తరగతి గదికి వెళ్ళిపోతారు. ఎవరి కుర్చీ కదలకుండా ఉంటే వాళ్ళు మళ్ళీ అదే తరగతి చదవాలి. కదలాలా వద్దా అన్నది క్లాసు టీచరు మాట.

మూడో తరగతి టీచరు ఒక్క పిల్ల విషయంలో ఆ మాట ఇంకా చెప్పలేదు. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. కిచకిచమనదు గనుక వెక్కిరింపుగా పెట్టిన పేరు. పరీక్ష కాగితం మీద పేరు రాసి, పెన్సిలు పక్కన పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. సాయంత్రం అందరూ వెళ్ళాక మాత్రం టీచరుతో కలిసి బోర్డు తుడుస్తూ మాట్లాడుతుంది. పై సగం టీచరు తుడుస్తుంది, కింది సగం పిల్ల. అప్పుడు ఏ పాఠం చదవమన్నా తడబడకుండా చదువుతుంది.

పొద్దున్నే పిల్ల తల్లి వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. కొలత టేపు మెడలోనే మరిచిపోయింది.

"ఇంకో ఏడాది మీ దగ్గరే ఉండనివ్వండి టీచరమ్మా. మీతో అయితే నాలుగు మాటలు మాట్లాడుతోంది."

"తోటి పిల్లలు వెళ్ళిపోతారమ్మా."

"ఉన్నన్నాళ్ళూ వాళ్ళతో మాత్రం ఏం మాట్లాడింది కనక?"

మధ్యాహ్నం టీ దగ్గర నాలుగో తరగతి మాస్టారు కదిపాడు. "తేల్చారా అక్కా? ఆ మౌనస్వామిని నాకు అంటగట్టకండి. ఇప్పటికే నా క్లాసులో నేనొక్కణ్ణే మాట్లాడుతున్నాను."

"నువ్వు మొదలుపెడితే ఇంకొకళ్ళకి సందెక్కడయ్యా?" అన్నాడు హెడ్మాస్టరు. ఆమె వైపు తిరిగి, "ఉంచమంటే ఉంచుదాం, పంపమంటే పంపుదాం. గంట కొట్టేలోపు చెప్పండమ్మా," అన్నాడు.

ఉంచుదామనే ఆమె అనుకుంది. కారణాలు చక్కగా కుదిరాయి. అంత చక్కగా కుదరడమే ఆమెకు అనుమానం కలిగించింది. ఇంటి తాళం తీసి లోపలికి వెళ్ళాక, మర్నాడు బడికి వచ్చేదాకా ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. చాలాకాలంగా అది బాధగా కూడా లేదు. పిల్లకి తను కావాలా, తనకి పిల్ల కావాలా? తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు ఆ ప్రశ్నతో తనను గిల్లి చూసుకుంది. ఏమీ తెలియలేదు.

ఆమె హెడ్మాస్టరుకి ఏమీ చెప్పకముందే గంట కొట్టేశారు. ఇనుప కాళ్ళు నేలను గీరుతూ కుర్చీలన్నీ వరండాలోకి వెళ్ళిపోయాయి. ఖాళీ అయిన గదిలో పిచ్చుక తన కుర్చీలో కూర్చునే ఉంది.

"నేను ఇక్కడేనా టీచర్?"

"మీ అమ్మ ఉంచమంటోంది."

"మీరూ ఇక్కడేనా?"

"ఇక్కడే."

"మా అక్క చదివినప్పుడూ ఇక్కడే ఉన్నారట. మిమ్మల్ని ఎవరూ పైకి పంపలేదా?"

వెక్కిరింపేమో అని ఆమె ఆ మొహం వంక చూసింది. కాదు.

"ఉంచమని అమ్మతో అడిగించింది నేనే," అంది పిల్ల. "లేకపోతే బోర్డు మీరొక్కరే తుడుచుకోవాలి కదా."

పిల్ల మాటకు టీచరు కళ్ళు తడవాలి. అలాంటిదేమీ జరగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల తనను మోయడానికి ఇక్కడ ఆగిపోబోతోందని మాత్రం, ఎవరి సంగతో విన్నట్టుగా, స్పష్టంగా అర్థమైంది.

"లే," అంది.

కుర్చీ వీపు పిల్ల పట్టుకుంది, కాళ్ళు టీచరు పట్టుకుంది. వరండా పొడుగునా మోసుకుపోయారు. నాలుగో తరగతి మాస్టారు వాళ్ళను చూసి ఏదో అనబోయి మానేశాడు. కిటికీ పక్క రెండు కుర్చీలు జరిపి చోటు చేశాడు.

"ఇలా రామ్మా. ఇక్కడ వెలుతురు బాగుంటుంది."

పిల్ల కూర్చుంది. పెదవులు బిగించే ఉంది. ఈ గదిలో అవి ఎప్పుడైనా విడతాయో లేదో టీచరుకి తెలియదు. హెడ్మాస్టరు గదికి వెళ్ళి "పంపేశాను" అని చెప్పింది. ఆయన తలూపాడు.

తన గదికి వచ్చి డస్టరు తీసుకుంది. అలవాటుగా పై సగం తుడిచి ఆగింది. కాసేపు అలాగే నిలబడింది. తరవాత వంగి కింది సగమూ తుడిచింది.