పదేళ్ళ అతిథి

"సెలవుల్లో కూడా ఆ ఇస్త్రీ ఏంటే అమ్మాయ్, హాయిగా కూర్చోక!" అంది అత్తగారు గీజెలా, బాల్కనీలో పడక్కుర్చీలోంచి. అని ఊరుకుంటే బాగుండేది. లేత నీలం రంగు కోటొకటి కిటికీలోంచి లోపలికి అందించింది. "ఎలాగూ పెట్టె వేడెక్కే ఉందిగా, దీని మీద కూడా ఓసారి అలా తిప్పు."

స్వెన్యా వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి మొగుడి చొక్కా కాలరు రుద్దుతోంది. సాయంత్రం అయిదింటికి పడవల రేవులో సన్మానం. ఆస్ట్రియా కొండల్లో హాసెల్ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళవాళ్ళకి ఓ ఆచారం ఉంది. ఏటా తప్పకుండా వచ్చి విడిది చేసేవాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని, అయిదేళ్ళు వస్తే కంచు, పదేళ్ళకి వెండి, ఇరవై దాటితే బంగారు పతకం కోటుకి గుచ్చుతారు. రంగులు వేరే కానీ రేకు మాత్రం ఒకటే. బాజా మోగిస్తారు, ఫొటో తీస్తారు. అదే ఊళ్ళో, చలికాలం ముందు కొండ మీది మేత నుంచి దిగివచ్చే ఆవుల మెడలో కూడా పూలదండలు వేస్తారు. ఆవుల సన్మానంలో మాత్రం ఎన్నడూ పొరపాటు జరగలేదు. పాలిచ్చినదానికే దండ పడుతుంది.

వీళ్ళది జర్మనీలో డోర్ట్‌మండ్ పక్క ఊరు. అక్కణ్ణించి కారులో పది గంటలు. పోయిన ఏడు డిక్కీ మూత పడక, పెట్రోలు బంకు దగ్గర ముగ్గురు లారీ డ్రైవర్లు దాని మీదెక్కి కూర్చోవలసి వచ్చింది. ఆ కథ మొగుడు టోర్‌స్టెన్ చెప్పేటప్పుడు ముగ్గురు ఏడుగురవుతారు, ఆ ఏడుగురిలో ఒకడు మల్లయోధుడవుతాడు, "మేం ఎంత సామాను సర్దామో తెలుసా!" అని ముగుస్తుంది. సర్దేటప్పుడు ఆ 'మేం'లో ఒక్కతే ఉంది. ఆ సామానులో కూతురు ఫ్రీడా రబ్బరు బాతు ఉంది, బాతుకి తోడు ఇంకో బాతు ఉంది, అత్తగారి మెడ దిండు, కాళ్ళ దిండు, అత్తగారికి ఆస్ట్రియా కాఫీ పడదని ఇంటి నుంచి తెచ్చిన కాఫీ, టోర్‌స్టెన్ పడవ బూట్లు ఉన్నాయి. తను చదువుదామని రెండేళ్ళ కిందట పెట్టుకున్న పుస్తకం కూడా ఉంది. నలభై రెండో పేజీలో ఒకావిడ తలుపు తట్టింది. రెండేళ్ళయింది, పాపం ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది.

స్వెన్యాకి తెలిసినంతవరకు సెలవంటే ఇంట్లో చేసే పనినే పరాయి వంటింట్లో, మొండికత్తితో చెయ్యడం. పొద్దున్నే బేకరీకి వెళ్ళి వేడి బన్నులు తేవాలి. వేడివి ఆరున్నరకే అయిపోతాయి గనక సెలవుల్లో ఆవిడ అలారం మామూలు రోజులకంటే ముందు మోగుతుంది. ఆ సరస్సు లోతు నూట ఇరవై మీటర్లట. పదేళ్ళలో స్వెన్యా చూసిన లోతు మోకాటిదాకా. పిల్ల పుట్టకముందు ఒడ్డున కూర్చుని అత్తగారి సంచులకి కాపలా కాసింది. పుట్టాక పిల్లకి కాస్తోంది. నీళ్ళల్లో పిల్ల ఉంటే తల్లి రెప్ప వెయ్యడానికి లేదు. తండ్రి మాత్రం అవతలి గట్టు దాకా పడవలో వెళ్ళొచ్చి, "అబ్బ, మనసు ఎంత తేలికైపోయిందో!" అంటాడు. ఆ మనసులో ఉన్న బరువు ఎవరికి అప్పగించి వెళ్ళాడో అతనికి ఎన్నడూ తట్టలేదు.

తమ ఊళ్ళో స్వెన్యా వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా చెవులు వినపడని ముసలివాళ్ళ ముందు కూర్చుని "ఇప్పుడు వినిపిస్తోందా తాతగారూ?" అని అడుగుతుంది. ఎనభై తొమ్మిదేళ్ళ తాత కూడా మూడోసారికి వింటాడు. ఏడాదికి ఇరవై ఎనిమిది రోజుల సెలవు ఇస్తారు. పది రోజులు ఈ సరస్సు తినేస్తుంది. శిశువిహారం మూసేసిన రోజులు, పిల్ల జ్వరాలు, అత్తగారి కంటి ఆపరేషను మిగతావి పంచుకుంటాయి. డిసెంబరు వచ్చేసరికి ఒక పూట మిగిలితే, ఆ పూట పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తుంది.

అదే దుకాణంలో పనిచేసే మారెన్ వసంతంలో ఒక మాట అంది. "వచ్చే ఏడు జూలైలో ఉత్తర సముద్రం దీవిలో ఒక వారం చిన్న ఇల్లు దొరికింది. నువ్వూ రా. నడుద్దాం, తిందాం, పడుకుందాం. అంతకుమించి ఏమీ లేదు." ఆ 'ఏమీ లేదు' అన్నమాట స్వెన్యాకి చెవిలో తేనె పోసినట్టుంది. ఆ దీవి ఇంటివాళ్ళకి ఈ ఆదివారం లోపల పేర్లు చెప్పాలి. ఇవాళ శనివారం. ఈ పది రోజుల్లో టోర్‌స్టెన్‌తో మూడుసార్లు మొదలుపెట్టింది. మొదటిసారి, "ఆగాగు, తాడు కడుతున్నా" అన్నాడు. రెండోసారి, "తప్పకుండా కూర్చుని మాట్లాడదాం" అని కూర్చున్నాడు, కూర్చునే నిద్రపోయాడు. మూడోసారి వినేలోపే జవాబు చెప్పేశాడు. "అలిసిపోయానంటావేంటి? ఇక్కడ నీకేం తక్కువ? సరస్సుంది, కొండలున్నాయి, సాయానికి మా అమ్మ ఉంది." సాయానికి ఉన్న అమ్మ అప్పుడు బాల్కనీలోంచి, "స్వెన్యా, నా కళ్ళజోడు చూశావా?" అని అడుగుతోంది. కళ్ళజోడు నెత్తిమీదే ఉంది.

అయిదింటికి రేవులో ఎనిమిదిమంది బాజావాళ్ళు, బల్లల మీద గళ్ళ గుడ్డలు, ఆడవాళ్ళ చేతుల్లో చల్లటి ద్రాక్షసారా గ్లాసులు. టోర్‌స్టెన్ చొక్కా మీద మడత లేదు. గీజెలా కోటు సరస్సు నీళ్ళలా మెరుస్తోంది. స్వెన్యా తన ఆకుపచ్చ గౌను ఇస్త్రీ చేసుకోవడానికి టైము చాలక, స్నానాల గదిలో వేడి ఆవిరికి తగిలించి సరిపెట్టుకుంది. ఈ రేకు పతకాలు తనకి అక్కర్లేదనే అనుకుంది. అయినా జుట్టు రెండుసార్లు దువ్వుకుంది. అలా దువ్వుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

పర్యాటక సంఘం పెద్ద ఎర్రటి మొహంతో మైకు పట్టుకున్నాడు. ముందు కంచు పిలిచాడు. నాలుగేళ్ళ ఫ్రీడా మూడు నెలల పసిగుడ్డుగా మొదటిసారి వచ్చింది, ఇది అయిదో వేసవి. గంతులేస్తూ వెళ్ళి గౌనుకి గుచ్చించుకుంది. తరవాత "పదేళ్ళవారు!" అన్నాడు. స్వెన్యా ఎడమ మడమ తనకి తెలీకుండానే నేల మీంచి లేచింది. కొలోన్ నుంచి వచ్చిన ఓ జంట వెళ్ళారు. హాలండు ముసలాయన వెళ్ళాడు. ఒక కుక్కని కూడా పిలిచారు, పదేళ్ళూ యజమానితో వచ్చిందట, దాని పట్టీకి వెండి పతకం కట్టారు. కాగితం తిరగేశాడు. "ఇక మా బంగారాలు!" గీజెలా వెళ్ళింది, ముప్పై ఒక్క ఏళ్ళు. టోర్‌స్టెన్ వెళ్ళాడు, చిన్నప్పటి నుంచీ కలుపుకుని ఇరవై మూడు. స్వెన్యా మడమ మెల్లిగా నేలకి దిగింది.

"ఆఁ, అసలు సంగతి మరిచిపోయాను!" అంటూ సంఘం పెద్ద ఒక వెదురుబుట్ట ఎత్తాడు. పొగబెట్టిన మాంసం, జున్నుగడ్డ, గుండ్రటి రొట్టె. "ఇది ఈ కుటుంబపు ఇల్లాలికి! రండమ్మా, రండి. సాయంత్రానికి అందరికీ సన్నగా కోసి పెట్టండి!" జనం చప్పట్లు కొట్టారు. స్వెన్యా వెళ్ళి బుట్ట అందుకుంది. బాగా బరువుంది.

ఫ్రీడా ఆయన పంట్లాం పట్టుకు లాగింది. "మా అమ్మ పతకం ఏదీ?"

ఆయన నవ్వి మైకు పిల్ల నోటి దగ్గర పెట్టాడు. "అమ్మ కూడా ఏటా వస్తుందా బంగారూ?"

ఫ్రీడా మైకుని రెండు చేతులా పట్టుకుంది. అబద్ధం చెప్పే అలవాటు ఇంకా అబ్బలేదు దానికి. "వస్తుంది. కానీ సెలవులకి కాదు. అమ్మ పనికి వస్తుంది."

రేవంతా ఘొల్లుమంది. అవతలి గట్టు కొండ కూడా ఆ నవ్వుని ఒకసారి తిప్పి నవ్వింది. బాకా ఊదేవాడు పెదవులు బిగపట్టలేక మధ్యలో ఆపేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది టోర్‌స్టెన్. "మా అమ్మాయి నోరే నోరు!" అని పక్కాయన భుజం తట్టాడు. స్వెన్యా కూడా నవ్వింది. ఎవరో కెమెరా పట్టుకుంటే పళ్ళు వాటంతట అవే బయటికి వస్తాయి కదా, అలాంటి నవ్వు. నవ్వుతూనే లెక్క వేసుకుంది. తను పదేళ్ళుగా తనకే చెప్పుకోవడానికి భయపడిన మాటని నాలుగేళ్ళ పిల్ల రెండు ముక్కల్లో ఊరంతటికీ చెప్పేసింది. పిల్ల దాన్ని వింతగా కూడా అనుకోలేదు. నీళ్ళు తడిగా ఉంటాయన్నట్టు చెప్పింది. ఇంకో ముప్పై ఏళ్ళకి ఆ పిల్లే ఇలాగే ఏదో ఒక ఒడ్డున, ఎవరి సంచులకో కాపలా కాస్తూ కూడా, దాన్ని వింతగా అనుకోదు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాక అడిగింది. "నా పేరు ఎవరూ ఇవ్వలేదా?"

"పేర్లు ఇచ్చింది నేనేనే" అంది గీజెలా, పతకాన్ని వేలితో సరిచేసుకుంటూ. "విడిది ఇంటావిడ పేర్లడిగితే మా ముగ్గురివీ చెప్పాను. నీ పేరు వేరే చెప్పాలని తట్టలేదమ్మా. నువ్వెప్పుడూ ఉండేదానివేగా!"

అందులో ద్వేషం లేదు. ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడడానికి ఒక కొస దొరికేది.

"రేకుముక్క కోసం మొహం మాడ్చుకుంటావేం?" అన్నాడు టోర్‌స్టెన్. "కావాలంటే నాది పెట్టుకో." అన్నాడే గాని, చెయ్యి కోటు దాకా వెళ్ళలేదు.

అప్పుడే విడిది ఇంటి యజమానురాలు ప్రుక్నర్ గారు పెద్ద పుస్తకం చంకనబెట్టుకుని వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చేతులెప్పుడూ తడిగా ఉంటాయి. ఆ ఊళ్ళో పాత అతిథులు వెళ్ళేముందే వచ్చే ఏటికి పేర్లు రాసి వెళ్తారు. లేకపోతే గదులు ఇంకెవరికో పోతాయి.

"జూలైలో అవే రెండు వారాలా బాబూ?"

"అవే, అవే! నేను చచ్చేదాకా అవే!" అన్నాడు టోర్‌స్టెన్ గ్లాసు ఎత్తి. "స్వెన్యా, రాసెయ్. నీ రాత బాగుంటుంది."

స్వెన్యా కలం తీసుకుంది. గీజెలా పేరు రాసింది. టోర్‌స్టెన్ పేరు రాసింది. ఫ్రీడా పేరు, పక్కన బ్రాకెట్లో పిల్ల మంచం కావాలని రాసింది. కింద గీత గీసి పుస్తకం తిప్పి ఇచ్చింది.

ప్రుక్నర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ముగ్గురే ఉన్నారు. మరి నువ్వమ్మా?"

"పదేళ్ళుగా నేను ఇక్కడికి రాలేదటగా అండీ" అంది స్వెన్యా. "పదకొండో ఏడు కొత్తగా రావడం ఎందుకు?"

ముసలావిడ ఆమె మొహంలోకి ఒక క్షణం చూసింది. పుస్తకం మూసి, తడిచెయ్యి ఆమె భుజం మీద వేసి తీసి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆకుపచ్చ గౌను మీద ఆ అయిదువేళ్ళ తడి అలాగే ఉంది.

"ఇదేం హాస్యం?" అన్నాడు టోర్‌స్టెన్.

"హాస్యం కాదు. వచ్చే జూలైలో ఒక వారం మారెన్‌తో దీవికి వెళ్తున్నాను. ఇందాకే కబురు పంపాను. రెండో వారం ఏం చేస్తానో నాకే తెలీదు. బహుశా ఏమీ చెయ్యను."

నిజానికి కబురు ఇంకా పంపలేదు. మాట నోట్లోంచి వచ్చాక సంచిలోంచి ఫోను తీసి, బల్ల కింద ఒక్క ముక్క కొట్టి పంపింది: వస్తున్నాను.

"ఒంటరిగానా? పెళ్ళయి పిల్ల ఉన్నదానివి?" గీజెలా గ్లాసు కింద పెట్టింది. "నేను మా ఆయన లేకుండా గుమ్మం దాటలేదు."

"తెలుసు అత్తయ్యా. ఎన్నోసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆ గుమ్మం వైపే చూశారు."

గీజెలా మళ్ళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. టోర్‌స్టెన్ ఎర్రబడ్డాడు. అరవలేదు. వాళ్ళలో నలుగురి ముందు అరిస్తే పరువు తక్కువ. గొంతు తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"కాస్త ఆలోచించు. నువ్వు రాకపోతే ఎలా కుదురుతుంది? పొద్దున బన్నులు ఎవరు తెస్తారు? ఆరింటికి లేవాలి. పిల్లకి ఎండ క్రీము ఎవరు రాస్తారు, రెండు గంటలకోసారి రాయాలాయె. నీళ్ళల్లో దిగితే ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, నేను పడవలో ఉంటాను..."

"నా కంటి చుక్కలు" అంది గీజెలా పక్క నుంచి. "రోజుకి నాలుగుసార్లు."

"అదీ ఉంది. అమ్మ చుక్కలు. మధ్యాహ్నం వంట. తడిబట్టలు, తువ్వాళ్ళు. వర్షం వస్తే పిల్లని ఇంట్లో ఆడించాలి. పది గంటల దారిలో వెనకసీట్లో దాని పక్కన ఎవరు కూర్చుంటారు, వాంతి చేసుకుంటుంది. వెళ్ళే రోజు ఇల్లంతా తుడిచి ఇవ్వాలి. సామాను సర్దాలి..."

వేళ్ళు మడుస్తూ మడుస్తూ రెండో చేతికి వచ్చాడు. రెండో చెయ్యి కూడా అయిపోవచ్చింది. అక్కడ ఆగాడు. తన పిడికిళ్ళ వైపు తనే చూసుకున్నాడు.

స్వెన్యా గ్లాసులో మిగిలినది మెల్లిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆపావేం?" అంది. "చెప్పు, ఇంకా చాలా ఉన్నాయి."