కారే పటం

ఊరి ఆఫీసు ఊడ్చే ఎల్మి పొద్దున్నే చేసే మొదటి పని, గోడకున్న పటం కింద పెట్టిన బకెట్టు పారబోయడం. డచ్చివాళ్లు కొలిచి గీసిన లోయ పటం అది. వానలు పడితే అందులో నదీ పొంగుతుంది, కుడి మూలనుంచి కారుతుంది. ఎండాకాలం సగం బకెట్టు చాలు.

ఆ మూలలోనే యుస్నిధర్ అనే ఆవిడ పొలం ఉంది. పటంలో మాత్రం బంజరని రాసుంది. అప్పట్లో కొలతలకొచ్చిన దొర, ఆడవాళ్లకేం తెలుసనుకుని ఆ ఇంటి మగవాణ్ణి అడిగాడు. ఆయన పెళ్లై మూణ్ణెల్లు కాని ఇల్లరికపుటల్లుడు. తల్లి పొలం కూతురికి వచ్చే ఊళ్లో కొత్తల్లుడికి గట్లేం తెలుస్తాయి? తెలీదనడానికి సిగ్గుపడి ఖాళీ నేలన్నాడు. ఆ సిగ్గు నూరేళ్లు దాటినా కాగితం మీద చెక్కుచెదరలేదు.

ఇప్పుడా ‘బంజరు’ను ఇసుక తవ్వేవాళ్లకి ఇప్పించాలని యుస్నిధర్ మేనమామ, వంశపెద్ద దాతుక్, పడాంగ్ పట్నం నుంచి సర్వేయరును పిలిపించాడు. ఆ సర్వేయరు సంతకం పెడితే రేపే యంత్రాలు దిగుతాయి.

“పటంలో లేని పొలం ఎక్కడిదే?” అన్నాడు దాతుక్, పటం ముందు నిలబడ్డ యుస్నిధర్‌తో.

“పొద్దున నువ్వు మా ఇంట్లో తిన్నది ఆ లేని పొలం బియ్యమే మామా.”

ఎల్మి నవ్వు కనబడకుండా మొహానికి చీపురు అడ్డం పెట్టుకుంది.

దాతుక్ పెన్సిలుతో పటం మూలకి అడ్డంగా ఇసుక తవ్వకం హద్దు గీశాడు. బకెట్లో చుక్కలు పడుతూనే ఉన్నాయి.

సర్వేయరు అలవాటుకొద్దీ, గుమ్మంలో నిలబడ్డ యుస్నిధర్ మొగుడు బుర్హన్‌కేసి తిరిగాడు. “ఏమయ్యా, మీ గట్లెక్కడ?”

“నేనా ఇంటికి అల్లుణ్ణి సార్. ఆవిడనడగండి.”

“ఇరవయ్యేళ్లు దున్నావు, గట్లు తెలీవుట్రా?” దాతుక్ వెటకరించాడు.

“తెలుసు. చెప్పాల్సింది ఆవిడ.”

యుస్నిధర్ పెన్సిలు లాక్కుంది. తల్లి వెంట నడిచిన వరసలోనే ఏడు గట్లు గీసింది. చుక్కలు పల్చబడ్డాయి. ఆగలేదు.

“నాలుగో గట్టులో పీత బొరియ పూడ్చలేదేమే,” అంది ఎల్మి.

యుస్నిధర్ అక్కడ పెన్సిలు మొన గట్టిగా ఒత్తింది. బకెట్లో చప్పుడు ఆగిపోయింది.

సర్వేయరు కాఫీ తాగినంతసేపూ చూశాడు. ఒక్క చుక్క పడలేదు. ‘నీరు నిలిచే మాగాణి, తవ్వకానికి వీల్లేదు’ అని రాసి, హక్కుదారు పేరేమిటని అడిగాడు. ఈసారి ఆమెనే.

వానలింకా రెండు నెలలు పడతాయి. అయినా ఎల్మి బకెట్టు కడిగి బోర్లించింది.